ఒక గడి పక్కకు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది యాభై రెండేళ్లకు. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. అచ్చు వేసేవారు దిద్దగలిగినంత దిద్దారు, మిగిలినవి మీరు మన్నించాలి. నా నిదానాన్ని కూడా మన్నించండి. నాలుగు గంటల్లో జరిగింది రాయడానికి నాకు నెల పట్టింది. మా ఆయన డిటెక్టివ్ ఆఫీసు నడిపేవారు. ఆయన పోయాక బోర్డు దింపడానికి మనసొప్పలేదు. ఆయన కేసు ఫైళ్లు చదువుకుందామని అక్షరాలు నేర్చుకున్నాను, ఆ ఫైళ్లలోంచే ఈ పని కూడా నేర్చుకున్నాను.

ఇది బుధవారం మధ్యాహ్నం రెండింటికి మొదలై సాయంత్రం ఆరింటికి ముగిసిన సంగతి.

సోమవారం ఉదయం పదకొండూ ఇరవైకి ఆసుపత్రిలో ఒక దర్జీ ఆవిడకు కాలి పుండు మానడానికి పెన్సిలిన్ సూది వేశారు. పదకొండూ ముప్పై అయిదుకు ఆవిడ లేదు. పెన్సిలిన్ ఆవిడకు పడదు. పాత అట్ట కార్డు మీద ఆ మాట ఎర్రసిరాతో రాసి ఉంది. కానీ అట్ట కార్డులు ఇప్పుడెవరూ తీయడం లేదు. ఎనిమిది రోజుల ముందే, ఆదివారం నాడు, పాత కంప్యూటర్‌లోని నాలుగు వేల మంది వివరాలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించారు. నర్సు కొత్త తెర చూసింది. 'పడని మందులు' అన్న గడిలో 'లేదు' అని ఉంది. సూది వేసింది.

ఆసుపత్రి వాళ్లు తప్పంతా రికార్డు గదిలో పనిచేసే అమ్మాయి మీదికి తోశారు. ఆదివారం ఆమె కొన్ని వరుసలు చేత్తో ఎక్కించిందనీ, దర్జీ ఆవిడ వరుసలో తప్పు కొట్టిందనీ వాళ్ల మాట. బుధవారం ఆరింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి ఆమెను తీసుకెళ్తాడు. మంగళవారం నన్ను ఇంటికి పిలిపించింది ఆమె తండ్రి. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి, భార్య లేదు, ఉన్నది ఆ ఒక్క కూతురు.

బుధవారం రెండింటికి ఆసుపత్రి మెట్ల దగ్గర కలిశాడు. కూతురు చిన్నప్పటినుంచీ ఎంత ఒబ్బిడిగా ఉండేదో, పుస్తకాలకు అట్టలు ఎలా వేసుకునేదో చెబుతూ నాతోపాటు ఒక్కో మెట్టూ ఎక్కాడు. మోకాలు పట్టేసి మధ్యలో ఆగాడు.

"చూశావా అక్కా, ఈ నొప్పికే మొన్న శుక్రవారం ఇక్కడికొచ్చాను. నర్సు సూది తీసింది. తీసి, కంప్యూటర్ చూసి, తాతా ఇది మీకు పడదంట అని మానేసింది. నేనే మర్చిపోయిన సంగతి అది. ఆ కంప్యూటర్ నన్ను కాపాడింది. అలాంటిదాన్ని నా కూతురు పాడుచేసిందంటే నేనెలా నమ్మను?"

ఆ మాటకు అప్పుడు నేను తలూపాను, అంతే. దాన్ని అక్కడే పట్టుకుని ఉంటే మిగతాదంతా ఇంకోలా నడిచేదేమో. అతన్ని వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను.

రికార్డు గదిలో ఒక కిటికీ, ఒక బల్ల, కంప్యూటర్, ప్రింటర్, గోడ పొడుగునా ఇనప అరల రాకులు. రాకుల నిండా అట్ట కార్డులు. అక్కడ అప్పటికే ముగ్గురున్నారు. సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఇంజనీరు, ముప్పై దాటినవాడు, మాటిమాటికీ గడియారం చూసుకునే మనిషి. ఒక మూల ఆ అమ్మాయి, చేతులు కట్టుకుని. కుర్చీలో కోటు.

కోటు అంటే మనిషే. ఎండలు మండిపోతున్నా కోటు విప్పడని ఆ పేరు. మా ఆయన దగ్గర ఆరేళ్లు పని నేర్చుకుని, ఆయన మంచాన పడ్డ నెలలోనే ఎదురు వీధిలో బోర్డు పెట్టాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున వచ్చాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మర్యాదకు అతనిలో లోటుండదు.

"రండి వదినా. మీరు కంప్యూటర్ కేసు పట్టారని విని నమ్మలేకపోయాను. అక్షరాలొచ్చి ఎన్నేళ్లయింది?"

"పదిహేను. నీకు యాభై అయి ఉంటుంది. అయినా ఈ కాగితం నువ్వు చదవలేదు" అని నా సంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాను.

ఆదివారం కొత్త మిషన్‌లోకి పోసిన ఫైలు అది. మంగళవారం సూపరింటెండెంటు గారి ఆఫీసులో అడిగి అచ్చు తీయించుకున్నాను. తొంభై పేజీలు. అది ఎవరూ కాగితం మీద చదవరట, గుమస్తా నవ్వాడు. ఒక్కో మనిషికి ఒక్కో వరుస. నంబరు, పేరు, చిరునామా, వయసు, చక్కెర జబ్బు, పడని మందులు, గమనిక. ఏడు సంగతులు, మధ్యలో గీతలు లేవు, కామాలే గోడలు.

ఇంజనీరును అడగడం మొదలుపెట్టాను. ఎక్కించడం ఎప్పుడు మొదలైంది అంటే ఆదివారం రెండింటికి అన్నాడు. ఎప్పుడు అయిపోయింది అంటే రెండూ నలభైకి. నాలుగు వేల వరుసలకు నలభై నిమిషాలా అంటే, మిషన్‌కు నాలుగు నిమిషాలు చాలు, మిగతాది సర్దుబాటు అన్నాడు. ఏం సర్దావు అని అడిగితే కోటు వైపు చూశాడు. ఒక్క వరుసైనా మిషన్ వద్దందా అంటే, లేదండీ, మొదటిసారే అన్నీ ఎక్కాయి, తప్పులు సున్నా అని తెర మీద వచ్చింది, సూపరింటెండెంటు గారికి చూపించి సంతకం తీసుకున్నాను అన్నాడు. ఆ సున్నాను రెండుసార్లు చెప్పాడు.

"దర్జీ ఆవిడ వరుస తెర మీద మొత్తం చూపించు. నర్సు చూసే మూడు గడులు కాదు, ఏడూ" అన్నాను.

చూపించాడు. నేను కాగితం మీద వేలు పెట్టి, తెర మీద అతన్ని వేలు పెట్టమన్నాను. చదవడం కొత్తగా నేర్చుకున్నవాళ్లకు ఒక అలవాటుంటుంది. మాకు కామా దగ్గర ఆగమని చెబుతారు, మేము ఆగుతాం. మీరంతా దాటి వెళ్లిపోతారు.

కాగితం మీద నంబరు, కామా. పేరు, కామా. తర్వాత 'మెట్ల వీధి', కామా, 'మేడ మీద', కామా. ఆవిడ ఇల్లు మెట్ల వీధిలో మేడ మీద. ఆ రెండూ కలిస్తేనే చిరునామా. కానీ మిషన్‌కు ఆవిడ ఇల్లు తెలియదు కదా. కామా కనపడగానే గోడ అనుకుంది. తెర మీద చిరునామా గడిలో 'మెట్ల వీధి' ఒక్కటే ఉంది. వయసు గడిలో 'మేడ మీద' అని ఉంది. చక్కెర జబ్బు గడిలో యాభై ఎనిమిది. అది ఆవిడ వయసు. చక్కెర జబ్బు 'లేదు' అన్నది ఒక గడి జరిగి పడని మందుల కింద కూర్చుంది. పెన్సిలిన్ ఇంకో గడి జరిగి గమనికలోకి పోయింది. నర్సు తెర మీద గమనిక ఉండదు.

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. మూడూ పది.

"ఈ వరుసను చివరిసారి ఎవరు ముట్టుకున్నారో మిషన్ చెబుతుందట కదా, చూపించు."

ఆదివారం రెండూ ముప్పై ఎనిమిది, ఎక్కింపు. మనిషి చెయ్యి ఒక్కసారి కూడా పడలేదు. రికార్డు గది అమ్మాయి చేత్తో కొట్టిందన్న మాట అక్కడితో అయిపోయింది. నేను ఆమె వైపు చూశాను. ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. ఆమె నేల చూస్తోంది.

సూపరింటెండెంటు గారిని పిలిపించి మొదట చెప్పాల్సింది చెప్పాను. చిరునామాలో కామా ఉన్న ప్రతి మనిషికీ తెర మీద మందుల గడి తప్పే. ఇప్పుడు ఏ వార్డులో ఎవరి చేతిలో సూది ఉందో. ఆయన ముఖం పాలిపోయింది. అయినా మంచి డాక్టరు, వాదించలేదు. అట్ట కార్డు చూడకుండా ఎవరికీ ఏ మందూ ఇవ్వొద్దని మూడూ నలభైకి వార్డులన్నిటికీ చెప్పించాడు. నలుగురు నర్సులు వచ్చి రాకుల్లోంచి కార్డులు చేతులనిండా తీసుకుపోయారు.

అప్పుడు కోటు గొంతు సవరించుకున్నాడు. వదిన గారి పట్టుదల మెచ్చుకోదగ్గదన్నాడు. రికార్డు గది అమ్మాయి తప్పేమీ లేదని తమ కంపెనీ కూడా ఒప్పుకుంటుందన్నాడు. అలాగే ఇంజనీరు తప్పూ లేదు. మిషన్ ఏమీ అనలేదు కదా, తప్పులు సున్నా అని చూపించింది కదా. ఎవరికీ తెలియని పొరపాటుకు ఎవరిని పట్టుకెళ్తారు? సూపరింటెండెంటు గారు అవునన్నట్టు తల ఆడించాడు. సున్నా కింద సంతకం ఆయనదే మరి. అందరికీ సరిపోయే కుట్టు అది. చచ్చిన దర్జీ ఆవిడకు తప్ప.

నేను గెలిచినట్టే. డ్రైవరు కూతురు ఇంటికి వెళ్తుంది. సంచి భుజాన వేసుకున్నాను కూడా. అప్పుడు మెట్ల మీద విన్న మాట గుర్తొచ్చింది. ఆ కంప్యూటర్ నన్ను కాపాడింది.

వాళ్ల ఇల్లు నేను చూశాను. కాలనీలో రెండో వరుస, చివరి ఇల్లు. కట్టలోంచి అతని నంబరు వెతికాను. నాకు పావుగంట పట్టింది, కోటు సిగరెట్టుకు బయటికి వెళ్లాడు. దొరికింది. కాగితం మీద 'రెండో వరుస', కామా, 'చివరి ఇల్లు'. కామా ఉంది. అంటే అతని మందుల గడి కూడా తప్పి ఉండాలి. తప్పి ఉంటే శుక్రవారం నర్సు ఆ సూది వేసి ఉండాలి.

ఇంజనీరును అతని వరుస చూపించమన్నాను. ఏడు గడులూ వేటి చోట అవి ఉన్నాయి. చివరిసారి మార్పు ఆదివారం రెండూ యాభై. మార్చినది రికార్డు గది.

ఇంజనీరు ఆ టైము చూసి నాకన్నా ముందే సంగతి గ్రహించి అమ్మాయి వైపు తిరిగాడు. నేను అందరినీ బయటికి వెళ్లమన్నాను, అమ్మాయిని తప్ప. గది ఒకసారి చూడాలన్నాను.

చూడటమంటే నాకు తెలిసింది ఊడ్చేవాళ్లు చూసే తీరే. వంగి, కింద చూస్తాను. రాకుల కాళ్ల కింద ఎగుడుదిగుళ్లకు చెక్కముక్కలు పెట్టారు. ఎప్పటివో, దుమ్ము పట్టి నేలతో కలిసిపోయాయి. కిటికీ పక్క రాకుకు ఒక కాలి కింద మాత్రం చెక్క లేదు. ఆ చెక్క కిటికీ గట్టు మీద ఉంది, దాని దుమ్ము గుర్తు నేల మీద ఇంకా ఉంది. చెక్క ఉండాల్సిన చోట తెల్ల కాగితం, ఎనిమిది మడతలు.

రాకు కొంచెం ఎత్తమని అమ్మాయిని అడిగాను. ఎత్తింది. నేను కాగితం లాగే దాకా ఎత్తి పట్టుకునే ఉంది. నన్ను ఆపలేదు.

అయిదు కాగితాలు కలిపి మడిచారు. పైన తేదీ ఆదివారం, టైము రెండూ పన్నెండు. మిషన్ వద్దన్న వరుసల జాబితా. రెండు వందల పదమూడు. ఒక్కోదాని పక్కన కారణం. వయసు గడిలో అంకె లేదు, వయసు గడిలో అంకె లేదు, వయసు గడిలో అంకె లేదు. మిషన్ రెండు వందల పదమూడు సార్లు చెప్పింది.

జాబితాలో మూడో వరుస దర్జీ ఆవిడది. నూట ఎనభై ఆరోది డ్రైవరుది. దాని పక్కన ఎర్ర టిక్కు. ఆ అమ్మాయి పని తీరు ఆసుపత్రంతా మెచ్చుకునేదే. దిద్దడం అయ్యాకే టిక్కు పెడుతుంది, అవకపోతే పెట్టదు. అయిదు కాగితాల్లో టిక్కు అదొక్కటే.

"చెప్పు" అన్నాను.

గోడకు ఆనుకుని, ఏడవకుండా, పని అప్పజెప్పినట్టు చెప్పింది. రెండు గంటలకు ఎక్కిస్తే రెండు వందల పదమూడు వరుసలు వెనక్కొచ్చాయి. జాబితా అచ్చు తీసింది ఆమే. చూడగానే కామాలని అర్థమైంది. పాత మిషన్‌లో లోపలి కామాను మిషన్ గోడ అనుకోకుండా చిరునామా మొత్తం కొటేషన్ గుర్తుల్లో పెట్టి బయటికి తీసే ఏర్పాటు ఉంది, అలా మళ్లీ తీద్దామని ఇంజనీరుకు చెప్పింది. అతనికి మూడింటికి ఇంకో చోట పని ఉంది. ఏ గడిలో ఏదైనా పట్టేలా గడులన్నీ వదులు చేసి మళ్లీ పోశాడు. ఈసారి మిషన్ ఏమీ అనలేదు. వచ్చే వారం వచ్చి సర్దుతానన్నాడు. డాక్టరు గారికి చెబుతానంటే, చెప్పు, చిరునామాల్లో కామాలు కొట్టింది నువ్వేనని నేనూ రాస్తాను అన్నాడు. కొట్టింది ఆమే. చిరునామా శుభ్రంగా ఉండాలని.

అతను మూటాముల్లె సర్దుకుని మిషన్ ఆపేసేలోపు ఆమెకు పది నిమిషాలు దొరికాయి. ఒక వరుస దిద్దాలంటే కార్డు తీసి, ఏడు గడులూ సరిచూసి మార్చాలి. ఒక్కదానికి టైముంది.

"మిగతావి మర్నాడు సోమవారం నుంచి రోజుకు పాతిక చొప్పున చేద్దామనుకున్నాను పెద్దమ్మా. సోమవారం వచ్చేసరికి నా లాగిన్‌తో చూడటమే, మార్చడం కుదరదని వచ్చింది. అడిగితే ఎందుకంటారు. ఎందుకో చెబితే ఆదివారం ఏం తెలుసో చెప్పాలి. రేపు అడుగుదాం అనుకున్నాను. రోజూ రేపనుకున్నాను."

"మరి ఈ కాగితం?"

"చింపడానికి చెయ్యి రాలేదు."

పది నిమిషాల్లో తండ్రి వరుస దిద్దినందుకు నేను ఆమెను ఏమీ అనలేను. నేనైనా అదే చేసేదాన్ని. కానీ తర్వాత ఎనిమిది రోజులున్నాయి. నోరు విప్పడానికి లాగిన్ అక్కర్లేదు. ఆ మాట అన్నాను. నాన్నకు చెప్పకండి అంది.

తలుపు దగ్గర కోటు ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. లోపలికొచ్చి తలుపు వేశాడు. ఈసారి వెటకారం లేదు.

"వదినా, ఆలోచించండి. ఆ కాగితం లేకపోతే మావాడికి ఏమీ తెలియదు, మీ పిల్లకీ తెలియదు. రెండూ యాభై సంగతి ఏదో సొంత పని అనుకుంటారు. రోగులకు ఇక ప్రమాదం లేదు, అది మీరే ఆపారు. కాగితం బయటికొస్తే ఇద్దరూ పోతారు. మీకు పని ఇచ్చింది ఆ పిల్ల తండ్రి. అన్నయ్య ఉంటే ఏం చేసేవారు?"

"ఆయన ఉంటే నువ్వు ఎదురు వీధిలో ఉండేవాడివి కాదు" అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. అతను చెప్పినదాంట్లో నాకు తప్పు దొరకలేదు. మా ఆయన ఫైళ్లు అన్నీ చదివాను, పిలిచిన మనిషి కూతురినే పట్టివ్వాల్సి వచ్చిన కేసు ఒక్కటీ లేదు. ఉన్నా ఆయన రాసిపెట్టలేదేమో.

అయిదూ యాభైకి కాగితాలు చేతిలో పట్టుకుని వరండాలోకి వచ్చాను. సంచిలో పెట్టాలా, ఎవరికివ్వాలా అని తేలక అలాగే పట్టుకొచ్చాను. నా వెనకే అమ్మాయి, ఆమె వెనక కోటు.

డ్రైవరు బల్ల మీద నుంచి లేచాడు. కూతురికేమీ కాదని అప్పటికే ఎవరో నర్సు చెప్పిందట. ముఖమంతా వెలుగు. నా చేతిలోని కాగితం చూశాడు.

"అదేనా అక్కా సాక్ష్యం?" అని తీసుకున్నాడు.

నేను ఇవ్వలేదు. వెనక్కి లాక్కోనూ లేదు. ముప్పై ఏళ్లు నడుస్తున్న బస్సులోంచి బోర్డులు చదివిన మనిషి, నేను ఒక వరుస కూడబలుక్కునే లోపు అయిదు కాగితాలూ తిప్పాడు. నాలుగోదాని చివర ఆగాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని మళ్లీ చూశాడు. ఎర్ర టిక్కు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు, చెరుగుతుందేమో అన్నట్టు. తేదీ చూడ్డానికి మొదటి కాగితానికి వెళ్లాడు.

కూతురు నాన్నా అంది. అతను ఆమె వైపు తిరగలేదు.

"ఇది నా వరుస" అన్నాడు నాతో. "ఆ దర్జీ ఆవిడది ఏదక్కా?"

నాకు అబద్ధం చెప్పాలనిపించింది. మూడోది అన్నాను.

"మూడు ముందొస్తుంది కదక్కా" అన్నాడు.

కింద జీపు ఆగిన చప్పుడు. గోడ గడియారం ఆరు. మెట్ల మీద బూట్లు. కోటు నా పక్కకు వచ్చి చెయ్యి చాచాడు, కాగితాలు ఇటివ్వమన్నట్టు. డ్రైవరు వాటిని మడతల వెంబడే, వచ్చినట్టే, ఎనిమిదిగా మడిచాడు. మోకాలు పట్టుకుని, మెట్ల దాకా తనే నడిచాడు. పైమెట్టు మీద ఇన్‌స్పెక్టర్ ఎదురయ్యాడు.

"నా కూతురిదండీ" అని అతని చేతిలో పెట్టాడు.

తర్వాత వచ్చి మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు, మోకాలు రెండు చేతులా పట్టుకుని. కూతురిని తీసుకెళ్తున్నప్పుడు కూడా తలెత్తలేదు. నేను పక్కన కూర్చున్నాను. నా ఫీజు ఎంతని అడిగాడు. నేను చెప్పలేదు.

ఇది రాసినామె పేరు ఈ వీధిలో ఎవరికీ తెలియదు, బోర్డు మీద ఇప్పటికీ మా ఆయన పేరే ఉంది. నన్ను పెద్దమ్మ అంటారు. వయసు అరవై ఏడు. ఆ బోర్డు వెనక గదిలోనే, ఆసుపత్రికి రెండు వీధుల అవతల, మేడ మీద ఉంటున్నాను.